తిరుపతిలో అద్దె కోసం ఇల్లు కొనేవారు వరుసగా చేయవలసిన పనులు

తిరుపతిలో ఇల్లు అమ్మేవారు ముందుగా చెప్పే మాట ఒకటుంటుంది. కొండకు రోజూ ఇన్ని వేల మంది వస్తారు కాబట్టి ఇక్కడ ఇల్లు ఖాళీగా ఉండే ప్రసక్తే లేదంటారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, లెక్క వేస్తే నిలవదు. దర్శనానికి వచ్చిన భక్తుడు సత్రంలోనో లాడ్జీలోనో ఒక రాత్రి తలదాచుకొని, ప్రసాదం సంచితో మరునాడు రైలెక్కుతాడు. అతను మీ రెండు పడకగదుల ఫ్లాటుకు పదకొండు నెలల ఒప్పందం రాసుకోడు. మీకు నెలనెలా అద్దె కట్టేది ఆసుపత్రిలో పనిచేసే నర్సు, విశ్వవిద్యాలయంలో చదివే పరిశోధక విద్యార్థి, రేణిగుంట ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే ఉద్యోగి, లేదా బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమస్తా. అందుచేత కొనే పనిని స్థలం దగ్గర కాక, అద్దెకుండబోయే మనిషి దగ్గర మొదలుపెట్టండి.

మొదట అద్దెదారును వెతకండి

ఊరి పటం ముందు పెట్టుకొని, జీతం వచ్చే చోట్లను గుర్తించండి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఎస్వీ మెడికల్ కాలేజీ, రుయా, స్విమ్స్ ఆసుపత్రులు అన్నీ ఊరికి ఒకే వైపున, అలిపిరి దారికి దగ్గరగా ఉన్నాయి. అక్కడికి నడిచో, షేర్ ఆటోలోనో చేరగలిగే పేటల్లో చిన్న ఇళ్లకు, ఒంటి గది వాటాలకు గిరాకీ ఉంటుంది. తిరుచానూరు వైపు పద్మావతి నిలయంలో 2022లో కొత్త జిల్లా కలెక్టరేటు ఏర్పడిన తరువాత, ఉద్యోగుల కుటుంబాలు అటువైపు ఇళ్లు చూసుకోవడం మామూలైంది. రేణిగుంట వైపు రైల్వే, విమానాశ్రయం, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు ఉన్నాయి కాబట్టి అక్కడ అద్దెకుండేవారు వేరే తరహా వారు. వాళ్లకు బైకు పెట్టుకునే చోటు, వేళాపాళా లేని షిఫ్టులకు అడ్డు చెప్పని యజమాని కావాలి.

ఏర్పేడు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఐఐటీ, ఐసర్ రెండూ అక్కడే ఉన్నాయి కాబట్టి చుట్టుపక్కల ప్లాటు కొంటే విద్యార్థులు అద్దెకు వస్తారని చెప్పి అమ్మేవారున్నారు. ఆ రెండూ హాస్టళ్లతో సహా సొంత ప్రాంగణాలున్న సంస్థలు. ధర పెరుగుతుందన్న ఆశతో అక్కడ స్థలం కొనుక్కుంటే అది మీ ఇష్టం. అద్దె మీద ఆశతో మాత్రం కొనవద్దు.

పేట ఎంచుకున్నాక ఒక ఆదివారం ఉదయం అక్కడ కాలినడకన తిరగండి. టులెట్ బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, నాలుగైదు నంబర్లకు ఫోను చేసి, అద్దెకుండేవారిలాగే అద్దె ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలు, ఇల్లు ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది అని అడగండి. తరువాత ఏదో ఒక అపార్టుమెంటు వాచ్‌మన్‌తో పది నిమిషాలు మాట్లాడండి. యజమాని చెప్పే అద్దెకూ, నిజంగా ముట్టే అద్దెకూ ఉన్న తేడా అతనికి తెలిసినంతగా మధ్యవర్తికి కూడా తెలియదు. బ్యాచిలర్లకు ఇస్తారా, కుటుంబాలకే ఇస్తారా అనేది కూడా అక్కడే కనుక్కోండి. కొన్ని అపార్టుమెంట్లలో సంఘం వారు బ్యాచిలర్లను రానివ్వరు. విద్యార్థులను నమ్ముకొని అలాంటి చోట కొంటే మీ లెక్క మొదటి నెలలోనే తప్పుతుంది.

అద్దె నుంచి వెనక్కి లెక్క వేయండి

లెక్కకు ముందు కొలత తెలియాలి. తిరుపతిలో స్థలం ధర అంకణంలో చెబుతారు. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 చదరపు గజాలు, సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి సెంటు అంటే 12.1 అంకణాలు. దస్తావేజులో చదరపు గజాలు రాస్తారు, బ్యాంకు వారు చదరపు అడుగులు అడుగుతారు, అమ్మేవారు అంకణాలు చెబుతారు. మూడింటినీ ఒకే కాగితం మీద మార్చి రాసుకోకపోతే ధర పోల్చడం కుదరదు. రాష్ట్రంలో మరికొన్ని చోట్ల అంకణానికి వేరే కొలత వాడుకలో ఉంది కాబట్టి, బయటి ఊళ్ల బంధువులు చెప్పే ధరలతో నేరుగా పోల్చవద్దు.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చూద్దాం. ఫ్లాటు ధర 60 లక్షలు అనుకోండి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం కలిపితే మరో 4.5 లక్షలు. ఫ్యాన్లు, అల్మరాలు, మెష్ తలుపులు, రంగులు, మధ్యవర్తి కమీషను కలిపి 2.5 లక్షలు వేయండి. మీ చేతి నుంచి వెళ్ళింది 67 లక్షలు. నెలకు 15,000 అద్దె వస్తుందనుకున్నా, ఏడాదికి ఒక నెల ఖాళీ పడుతుందని 11 నెలలకే లెక్కపెట్టండి, 1,65,000 వస్తుంది. ఇంటి పన్ను, మోటారు మరమ్మతు, అద్దెదారు మారినప్పుడల్లా వేసే సున్నం, ఖాళీ నెలలో మీరే కట్టవలసిన మెయింటెనెన్సు కలిపి 25,000 తీసేస్తే 1,40,000 మిగులుతుంది. అంటే పెట్టుబడి మీద రాబడి ఏడాదికి 2 శాతానికి కాస్త పైన. అదే ఫ్లాటుకు 45 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు అప్పు తెస్తే నెల వాయిదా సుమారు 39,000 అవుతుంది. అద్దె 15,000 పోగా మిగిలిన 24,000 ప్రతి నెలా మీ జీతం నుంచి వెళ్లాలి.

ఈ లెక్క చూపించింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. చాలామంది ‘అద్దెతో వాయిదా కట్టేయవచ్చు’ అనే ఒక్క మాట నమ్మి దిగుతారు, ఆ మాట ఫ్లాట్ల విషయంలో దాదాపు ఎప్పుడూ నిజం కాదు. ఒకే స్థలంలో కింద రెండు, పైన రెండు చిన్న వాటాలు కట్టి ఉన్న పాత ఇల్లు చూడటానికి అంత బాగుండకపోయినా, పెట్టిన రూపాయికి అద్దె ఎక్కువ ఇస్తుందని నా అభిప్రాయం. నాలుగు వాటాల్లో ఒకటి ఖాళీ అయినా మూడింటి అద్దె వస్తూనే ఉంటుంది. అయితే నాలుగు కుటుంబాల నీటి గొడవలు కూడా మీవే అవుతాయి.

రోజువారీ పద్ధతిలో భక్తులకే ఇస్తే ఎక్కువ వస్తుంది కదా అనే ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. అది ఇల్లు అద్దెకు ఇవ్వడం కాదు, వసతి వ్యాపారం. అనుమతులు, కరెంటు కేటగిరీ, పన్నులు, పక్క ఫ్లాట్ల వారి అభ్యంతరాలు అన్నీ దానికి తగ్గట్టు మారతాయి. ఆ వ్యాపారమే చేయాలనుకుంటే దాని లెక్క విడిగా వేసుకోండి గాని, సాధారణ ఇంటి లెక్కలో కలపవద్దు.

కాగితాలు చూడండి, ఇక్కడ తొందర పనికిరాదు

తిరుపతి చుట్టుపక్కల భూమికి ఒక ప్రత్యేకత ఉంది. దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, చెరువు పోరంబోకులు, పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు పట్టా భూముల మధ్య కలిసి ఉన్నాయి. పైకి అన్నీ ఒకే రకం వీధులు, ఒకే రకం డాబాలు. తేడా సర్వే నంబరులోనే తెలుస్తుంది. కాబట్టి ఇంటి గుమ్మం కన్నా ముందు సర్వే నంబరు, సబ్‌డివిజనుతో సహా అడిగి తీసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల జాబితా, అంటే 22ఎ జాబితా, ఊరి పేరుతో చూసుకోవచ్చు. మీరు చూసిన నంబరు అందులో ఉంటే, ‘తీయించేస్తాం, కలెక్టరాఫీసులో ఫైలు నడుస్తోంది’ అనే మాటకు డబ్బు ఇవ్వకండి. తీయించిన తరువాత కొనుక్కోవచ్చు.

డీకేటీ భూముల గురించి మరో మాట. పేదలకు ఇచ్చిన భూమిని అమ్మడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. తరువాత వచ్చిన సవరణలతో కొన్నింటికి అమ్ముకునే వీలు కలిగినా, అది మీరు చూస్తున్న భూమికి వర్తిస్తుందో లేదో రెవెన్యూ రికార్డు చెప్పాలి, అమ్మేవారు కాదు. నోటరీ చేసిన స్టాంపు కాగితం మీద ‘అగ్రిమెంటు’ రాసి స్వాధీనం ఇస్తామంటే, ధర సగానికి వచ్చినా వద్దనండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొనడం కూడా ఇంచుమించు అలాంటిదే. జనరల్ పవర్, విక్రయ ఒప్పందం చేతులు మారినంత మాత్రాన హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

సర్వే నంబరు శుభ్రంగా ఉందనుకున్నాక, కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, అడగండి. నకళ్లు చూపిస్తే అసలు ఎక్కడున్నాయని అడగండి. అసలు పత్రాలు ఏదైనా బ్యాంకులో ఉండి ఉండవచ్చు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీసుకోండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నోటి పంపకాలు, వీలునామాలు, కోర్టులో నడుస్తున్న దావాలు అందులో కనపడకపోవచ్చు. వ్యవసాయ భూమి నుంచి లేఅవుటు అయిన చోట్ల పాత అడంగల్, 1బి అనే రెవెన్యూ రికార్డులు కూడా ‘మీభూమి’ వెబ్‌సైటులో చూసి, ఆ పేర్లు దస్తావేజులలోని పేర్లతో కలుస్తున్నాయా అని సరిపోల్చండి. జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయింది కాబట్టి, అంతకు ముందు దస్తావేజులలో చిత్తూరు జిల్లా అని, ఆ తరువాతి వాటిలో తిరుపతి జిల్లా అని ఉంటుంది. అది లోపం కాదు. ఊరు, సర్వే నంబరు, హద్దులు మారకుండా ఉంటే చాలు.

పిత్రార్జితమైతే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని ఆడపిల్లల సంతకాలు కూడా ఉన్నాయో లేదో చూడండి. కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఉంది. పెళ్లై మద్రాసుకో బెంగళూరుకో వెళ్లిన అక్కగారు అమ్మకంలో సంతకం చేయకపోతే, ఆమె మంచితనం మీద మీ ఇల్లు నిలబడుతుంది. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా కొనవద్దు.

లేఅవుటులో ప్లాటైతే ‘పంచాయతీ అప్రూవల్’ అనే మాట దగ్గర ఆగండి. తిరుపతి చుట్టూ తుడా, చిత్తూరు చుట్టూ చుడా అనే పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో సర్పంచి సంతకం లేఅవుటుకు ఆమోదం కాదు. ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుటు అనుమతి నంబరు, అడిగి, ఆ సంస్థ కార్యాలయంలోనే మంజూరైన ప్లాను చూడండి. మీకు చూపిస్తున్న ప్లాటు ప్లానులో పార్కు స్థలం కాదని అప్పుడే తెలుస్తుంది. అక్రమ లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకాలు ప్రభుత్వం అప్పుడప్పుడు తెస్తుంది గాని, ఆ రుసుము మీ నెత్తిన పడుతుంది కాబట్టి ధరలో ముందే తగ్గించుకోండి.

500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోనో, 8 ఫ్లాట్లకు మించోగాని కట్టే ప్రాజెక్టులు రెరా అనే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో నమోదు కావాలి. నమోదైన ప్రాజెక్టులో బిల్డరు రిజిస్టరైన ఒప్పందం చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వసూలైన దానిలో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచాలి. నిర్మాణ లోపం కనిపిస్తే స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్ల లోపు సొంత ఖర్చుతో బాగుచేయాలి. ‘ముందే సగం కట్టేస్తే అంకణానికి ఇంత తగ్గిస్తాం’ అనే బేరానికి ఈ ఒక్క 10 శాతం నియమమే జవాబు.

ఇవన్నీ మీరు చూసుకున్నా సరే, చివర ఒక న్యాయవాదికి చూపించి లీగల్ ఒపీనియన్ తీసుకోండి. ఆయన అమ్మేవారు చూపించిన న్యాయవాది కాకూడదు.

స్థలం మీద నిలబడి చూడండి

నేను మొదట కొన్న స్థలం కాగితం మీద 50 అంకణాలు. హద్దు రాళ్లు కళ్లెదుట ఉన్నాయి, పక్కనే గోడ లేచింది, ఇంకేం కొలుస్తాంలే అనుకున్నాను. రెండేళ్ల తరువాత ప్రహరీ కట్టడానికి టేపు వేయిస్తే 47 అంకణాలే తేలింది. మూడు అంకణాలు, అంటే 108 చదరపు అడుగులు, పక్క గోడ కిందికి వెళ్లిపోయాయి. అమ్మినాయన నింపాదిగా, ‘ఆ రోజే కొలుచుకోవలసింది’ అన్నారు. మాట నిజమే కాబట్టి ఏమీ అనలేకపోయాను. లైసెన్సు ఉన్న సర్వేయరును పిలిచి, ఎఫ్‌ఎంబీ పటం (సర్వే నంబరు కొలతలున్న రెవెన్యూ పటం) పెట్టుకొని, పక్క స్థలాల వారిని కూడా నిలబెట్టి కొలిపించండి. నాలుగు భుజాలతో పాటు మూల నుంచి ఎదుటి మూలకు రెండు కర్ణాలూ కొలిస్తేనే ఆకారం తేలుతుంది.

నీటి సంగతి రెండు వైపులా చూడాలి, వేసవిలో లేకపోవడం, వానాకాలంలో ఎక్కువ కావడం. బోరు ఎన్ని అడుగులు, మే నెలలో ట్యాంకర్లు తెప్పించారా అనేది పక్కింటివారిని అడగండి. వాన సంగతికి ఊరి పేర్లే ఆధారమిస్తాయి. కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట అనే పేర్లు ఊరికే రాలేదు. నీళ్లు నిలిచే చోటనే గుంట అంటారు. పేరులో గుంట ఉన్నంత మాత్రాన కొనకూడదని కాదు, రేణిగుంటలో ఎందరో సుఖంగానే ఉన్నారు. కాని వీధి మట్టం ఎంత, కాలువ ఏ వైపు పోతుంది అని అడగడానికి ఆ పేరు చాలు. 2021 నవంబరు వానలకు శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి ఆవరణలో భూమిలో దించిన సిమెంటు వరల నీటి తొట్టి నేలను చీల్చుకొని పైకి లేచి నిలబడింది. నేల అంతా నీటితో నిండినప్పుడు లోపల నీళ్లు లేని తొట్టి పడవలాగే తేలుతుంది. ఆ ప్రాంతంలో ఇళ్ల గోడలు కూడా బీటలిచ్చాయి. కాబట్టి మీరు చూస్తున్న వీధిలో ఆ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయో, గోడ మీద చెయ్యి పెట్టి చూపించమని ఇద్దరు ముగ్గురిని వేరు వేరుగా అడగండి. మోకాలి దాకా అని ఒకరు, నడుము దాకా అని ఇంకొకరు చెబితే నడుమునే లెక్కలోకి తీసుకోండి.

విమానాశ్రయం దగ్గర ఎత్తు పరిమితి ఉంటుంది, కొండ పక్కన అటవీ హద్దు ఉంటుంది. పై అంతస్తు వేసి అద్దె పెంచుకోవాలనే ఆలోచన ఉంటే ఈ రెండూ ముందే కనుక్కోండి.

ఫ్లాటైతే మంజూరైన ప్లానులో మీ అంతస్తు ఉందో లేదో చూడండి. నాలుగు అంతస్తులకు అనుమతి తీసుకొని ఐదోది వేసిన చోట, ఆ ఐదోదే చవకగా దొరుకుతుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడం పూర్తయి నివాసానికి తగినదని ఇచ్చే ధ్రువపత్రం, అడగండి. మీ పేరున రాసే అన్‌డివైడెడ్ షేర్, అంటే స్థలంలో మీ విడదీయని వాటా, ఎన్ని గజాలో దస్తావేజు ముసాయిదాలో చూసుకోండి, ఎందుకంటే పాతికేళ్ల తరువాత కట్టడం విలువ తగ్గి, ఆ గజాలే మిగులుతాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, నిబంధనలకు సరిపడే చౌక ఇళ్లకు 1 శాతం పడుతుంది. పూర్తయి ధ్రువపత్రం వచ్చిన దానికి జీఎస్టీ లేదు. ఈ తేడాను ధరలు పోల్చేటప్పుడు మరచిపోవద్దు.

బేరం, డబ్బు, రిజిస్ట్రేషన్

అప్పు తీసుకునేవారు అడ్వాన్సు ఇచ్చేముందే బ్యాంకుకు కాగితాలు పంపండి. 30 లక్షల వరకు అప్పు ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా మాత్రమే ఇస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా మీరే పెట్టుకోవాలి. ఒప్పందంలో ‘బ్యాంకు అప్పు మంజూరు కాకపోయినా, హక్కులో లోపం తేలినా అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి’ అనే వాక్యం తప్పనిసరిగా రాయించండి. గడువు తేదీ కూడా అందులో ఉండాలి.

స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ధరలో కొంత ‘బయట’ ఇవ్వమంటే, మీరు తిరిగి అమ్మే రోజున ఆ కొంత మీ కొన్న ధరలో కనిపించదని, దాని మీద లాభపు పన్ను మీరే కడతారని గుర్తుంచుకోండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే ఆదాయపు పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టవలసిన బాధ్యత కొనేవారిదే. అమ్మేవారు విదేశంలో స్థిరపడినవారైతే రేటు, పద్ధతి రెండూ వేరు. అప్పుడు ఆడిటరును కలవకుండా చెక్కు రాయకండి.

రిజిస్ట్రేషన్ రోజున అసలు లింకు డాక్యుమెంట్లు, తాళాలు, చివరి కరెంటు బిల్లు, పన్ను రసీదు చేతికి తీసుకున్నాకే చివరి చెక్కు ఇవ్వండి.

కొన్న తరువాత

ఇంటి పన్ను, కరెంటు సర్వీసు మీ పేరుకు మారాయో లేదో రెండు నెలల్లో సరిచూసుకోండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కడితే మునిసిపాలిటీ 5 శాతం రాయితీ ఇస్తుంది. ఖాళీ స్థలానికి కూడా పన్ను ఉంటుంది. చాలామంది దాన్ని అమ్మే రోజున బకాయిగా చూసి ఆశ్చర్యపోతారు.

అద్దెకు ఇచ్చేటప్పుడు ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు, ఏటా పెరుగుదల, ఖాళీ చేయడానికి ముందుగా చెప్పవలసిన గడువు, సున్నం ఖర్చు ఎవరిది అనేవి రాయండి. గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. ఇల్లు అప్పగించే రోజున కుళాయిలు, స్విచ్చులు, గచ్చు, మీటరు రీడింగు ఫోనులో వీడియో తీసి అద్దెదారుకు కూడా పంపండి. అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజున ఆ రెండు నిమిషాల వీడియో ముందు ఎవరి వాదనా పెరగదు. అడ్వాన్సును ఖర్చు చేయకుండా విడిగా ఉంచండి, అది మీ ఆదాయం కాదు.

వచ్చిన అద్దెలో మీరు కట్టిన మునిసిపల్ పన్ను తీసేసి, మిగిలిన దానిలో మరమ్మతుల కింద 30 శాతం మినహాయించుకున్నాకే ఆదాయపు పన్ను లెక్కిస్తారు; ఆ 30 శాతానికి బిల్లులు చూపనక్కరలేదు. అమ్మే సమయానికి ఇల్లు మీ దగ్గర 24 నెలలకు మించి ఉంటే అది దీర్ఘకాలిక లాభం, పన్ను 12.5 శాతం. 2024 జూలై 23కు ముందు కొన్న ఇళ్లకు, ఇక్కడే నివసించే వ్యక్తులు పాత పద్ధతిలో ధరల సూచీ కలుపుకొని 20 శాతం లెక్క వేసి, రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టవచ్చు. కాబట్టి కొన్న దస్తావేజు, రిజిస్ట్రేషన్ రసీదులు, పై అంతస్తు వేసినప్పటి బిల్లులు ఒకే కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.